కొమ్మ మీద ఉండగానే

మంచం మీద రెండు కెమెరాలు పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. ఒకటి గుప్పిట్లో పట్టే కాంపాక్ట్. కాలేజీ చివరి సంవత్సరంలో ఒక సీనియర్ దగ్గర కొనుక్కున్నాను. చున్నీ చాటున పెట్టుకుంటే ఎవరికీ కనపడదు. రెండోది నూజివీడు బస్టాండు దగ్గర స్టూడియో నడిపే కిషోర్ బాబు గారి పాత డీఎస్ఎల్ఆర్. చేత్తో పట్టుకునే చోట రబ్బరు ఊడిపోయింది. లెన్సుతో కలిపి కిలో పైనే ఉంటుంది. మెడలో వేసుకుంటే తోటలో ఏ మూల నుంచి చూసినా కనపడుతుంది.

నాన్న అప్పుడే తోట వైపు నుంచి వచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

"గాలివాన హెచ్చరిక వచ్చిందంట. కోటేశ్వరరావు గారు రేపు తెల్లారగానే కాయ మొత్తం దించేస్తానంటున్నారు," అన్నాడు.

"అమ్మ చెట్టు కూడానా?"

"అదీ తోటలోదేగా."

లోపల బియ్యం ఏరుతున్న అమ్మ చెయ్యి ఆగిపోవడం నాకు కనిపించింది.

అమ్మ చెట్టు అంటే మా తోటలో ఉత్తరపు గట్టు మీద ఉన్న మామిడి చెట్టు. అమ్మ కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు విస్సన్నపేటలో చుట్టాలింట్లో తిన్న పండు టెంక తెచ్చి నాటింది. టెంక మొక్క తల్లిలా కాయదని అందరూ అన్నారట. అలాగే తల్లిలా కాయలేదు. ఈ చుట్టుపక్కల ఎక్కడా లేని కాయ కాసింది. చిన్నరసం కంటే పెద్దది, చివర చిలక ముక్కులా వంపు, పైన పచ్చగా ఉండగానే లోపల పండుతుంది, అన్ని రసాలూ అయిపోయాక వస్తుంది. రెండేళ్ళ కిందట టౌనులో నర్సరీ నడిపే పాండురంగారావు గారు వచ్చి, అంటు కట్టుకుంటాను నాలుగు పుల్లలు ఇవ్వమ్మా అంటే అమ్మ చెట్టంతా చూపించి మరీ ఇచ్చింది. ఇప్పుడు ఆయన నర్సరీలో ఆ మొక్కలు ఆయన పేరుతో అమ్ముతున్నారు. కొత్త రకం ఎవరిదో ప్రభుత్వం రాసుకునే రకాల నమోదు కోసం మాలాగే ఆయన కూడా దరఖాస్తు సిద్ధం చేసుకుంటున్నారని కిషోర్ బాబు గారే చెప్పారు. ఫోటోలు తీసిపెట్టమని ఈయన దగ్గరికే వెళ్ళారట.

మా ఇంట్లో డిగ్రీ దాకా చదివినదాన్ని నేనొక్కదాన్నే, అదీ వ్యవసాయం. అందుకని అమ్మ పేరు మీద దరఖాస్తు పెట్టే పని నా మీద పడింది. నిరుడు ఫోన్‌తో ఫోటోలు తీసి పంపాను. అధికారి ఫోన్ చేసి, "ఫోన్ తనకు తానే రంగు దిద్దుతుందమ్మా, ఇది కాయ అసలు రంగు కాదు. మామూలు కెమెరాతో తీసి పంపు. కాయ కొమ్మ మీద ఉండాలి, పక్కన స్కేలు ఉండాలి, కాయ మీద సహజంగా ఉండే పూత చెరిగిపోకూడదు," అని తిప్పి పంపారు. ఈ ఏడు తీద్దామనుకునే లోపు చెట్టు సగం ఎండింది. కాండం తొలిచే పురుగు. మందు పెట్టాను గానీ, వచ్చే ఏడు కాస్తుందని నేను చేతిలో చెయ్యి వేసి చెప్పలేను. అంటే రేపు తెల్లవారేలోపు ఫోటో రావాలి. లేకపోతే ఆ రకం పాండురంగారావు గారిదే అవుతుంది.

అడ్డం ఏమిటంటే, ఆ కాయ ఇప్పుడు మాది కాదు. మా వైపు తోటలు పూత మీదే అమ్మేస్తారు. అమ్మాక చెట్టు మనది, కాయ కొన్నవాళ్ళది. ఏటా అమ్మ చెట్టొక్కటి ఇంటికి ఉంచుకునేవాళ్ళం. ఈసారి పూత పల్చగా వచ్చిందని, అదీ కలిపితేనే కొంటానని కోటేశ్వరరావు గారు పట్టుబడితే నాన్న సరేనన్నాడు. ఆయన ఇంకో మాట కూడా తీసుకున్నారు. కాయ దించేదాకా తోటలో ఎవరూ ఫోటో తియ్యకూడదు. దిష్టి. నిరుడు రెడ్డిగూడెంలో ఆయన కొన్న తోటకి ఎవరో కుర్రాళ్ళు వచ్చి విరగకాసిన చెట్లు వీడియో తీసి అందరికీ పంపారట. వారం తిరక్కుండా గాలికి కాయంతా నేల పాలయింది. గాలి ఊరంతా వీచిందిగా అంటే ఆయన ఒప్పుకోరు.

అమ్మ చేట పక్కన పెట్టి వచ్చింది. కాంపాక్ట్ తీసి నా చేతిలో పెట్టింది.

"ఇది పట్టుకెళ్ళు. పక్క వీధిలో గృహప్రవేశానికి మామిడాకులు కావాలని చెప్పు. ఆకులకి మనల్ని ఎవరూ ఆపరు."

"దొంగతనంగానా అమ్మా?"

"నా చెట్టు దగ్గరికి నా కూతురు వెళ్తే దొంగతనం ఏంటి?"

"నాన్న మాట ఇచ్చాడుగా."

నాన్న చెప్పుల మట్టి దులుపుకుంటూ ఉండిపోయాడు. తలెత్తలేదు. వెళ్ళమనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఆయన అలా ఊరుకున్నాడంటే నిర్ణయం నాదే అని అర్థం.

"పెద్దదైతే బాగా వస్తుందమ్మా," అన్నాను. "ఆకుల నీడలో ఈ చిన్నదానికి కన్ను చాలదు."

"పెద్దది మెళ్ళో వేసుకుని వెళ్తే గట్టు దాటనివ్వరు. రాని ఫోటో కంటే ఓ మాదిరి ఫోటో నయం కదే."

ఆ మాట నాకు సబబుగానే తోచింది. కాంపాక్ట్, స్కూలు స్కేలు చున్నీలో చుట్టుకుని బయల్దేరాను.

తోటలో నతానియేలు ఉన్నాడు. కోటేశ్వరరావు గారు పెట్టిన కాపలా మనిషి. చెట్లకింద ప్లాస్టిక్ ట్రేలు వరస పెడుతున్నాడు.

"ఏంటి అమ్మాయిగారూ, ఇంత ఎండలో?"

"ఆకులకి. గృహప్రవేశం ఉంది."

"ఆకులకి గట్టు దాకా ఎందుకు, ఇక్కడే లేవా?"

"మా చెట్టువి అయితే మంచిదని అమ్మ పంపింది."

"పెద్దమ్మ గారు పొద్దున వచ్చారుగా. అప్పుడే కోసుకుపోవాల్సింది," అని నవ్వి మళ్ళీ ట్రేల మీదికి వంగాడు.

అమ్మ పొద్దున ఎందుకు వచ్చిందని ఆ క్షణంలో నేను ఆలోచించలేదు. చెట్టుకింద చేతికందే కొమ్మ దగ్గరికి వెళ్ళి, ఎడం చేత్తో స్కేలు కాయ పక్కన పెట్టి, కుడి చేత్తో కెమెరా చాచి నొక్కడం మొదలుపెట్టాను. తెర మీద ఎండ పడి ఏమీ కనపడలేదు. కాయ మీద ఉండాల్సిన నా కళ్ళు నతానియేలు వీపు మీద ఉన్నాయి. వాడు నడుం నిటారుగా పెట్టినప్పుడల్లా కెమెరా చున్నీలోకి పోయేది, వంగినప్పుడల్లా బయటికి వచ్చేది. చివరికి నాలుగు రెమ్మలు తెంపి, చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చేశాను.

ఇంట్లో ఎవరూ లేరు. అమ్మ పాలకేంద్రానికి వెళ్ళింది. లాప్‌టాప్‌లో ఫోటోలు తెరిచాను. మొదటి కాయ మీద నల్లటి మచ్చ. రెండో కాయ మీద కూడా. తరవాత కాయకి బుగ్గ దగ్గర, ఆ పక్కదానికి తొడిమ దగ్గర. పెద్దది చేసి చూస్తే ఫోటో అంతా బూజులా అలుక్కుపోయింది. మచ్చ అంచు కనపడలేదు, గుండ్రంగా నల్లగా ఉందన్నది మాత్రం తెలుస్తోంది.

మచ్చ తెగులు. కాలేజీలో మూడు సెమిస్టర్లు చదివిన తెగులు. కాయ మీద చిన్నగా మొదలై, ముగ్గేసరికి మొత్తం పాకుతుంది. పక్క కాయలకీ అంటుతుంది. అధికారికి పంపితే రోగమున్న కాయ అని పక్కన పడేస్తారు. అది ఒక సంగతి. రెండో సంగతి ఇంకా కష్టంగా తోచింది. రేపు పొద్దున ఈ కాయ మిగతా కాయతో కలిసి ట్రేల్లోకి వెళ్తుంది. తెలిసీ నేను చెప్పకపోతే కోటేశ్వరరావు గారి లోడంతా నా వల్ల పోయినట్టే.

చెప్పాలంటే ఫోటో తీశానని ఒప్పుకోవాలి.

అమ్మ వచ్చేదాకా ఆగితే బాగుండేది. కానీ నేను ఆగే రకం కాదు. తెలిసిన సంగతి కడుపులో పెట్టుకుని కూర్చోలేను. కెమెరా పట్టుకుని తోటలో కోటేశ్వరరావు గారి పాకకి వెళ్ళాను. ఆయన మంచం మీద కూర్చుని ఫోన్‌లో లారీ వాళ్ళతో మాట్లాడుతున్నారు. టౌనులో బట్టల కొట్టు కుటుంబం వాళ్ళది. ఎండలో తిరిగినా చొక్కా మడత నలగదు.

"ఏం అమ్మాయ్, నాన్న పంపాడా?"

"లేదండీ. నేనే వచ్చాను. ఉత్తరపు గట్టు చెట్టుకి మచ్చ తెగులు వచ్చినట్టుందండీ. ఆ కాయ వేరేగా పెడితే మంచిది."

"నీకెలా తెలుసు?"

కెమెరా చాచాను. ఆయన తీసుకోలేదు. దానికేసి చూశారు, నాకేసి చూశారు.

"తీశావన్నమాట."

"తీశానండీ. తప్పే. కానీ మచ్చలు..."

"నాన్న మాట ఇచ్చాడు నాకు."

"నాన్న తప్పేం లేదండీ."

ఆయన అప్పుడు కెమెరా అందుకుని తెర దగ్గరగా పెట్టుకుని చూశారు. మొహంలో కోపం పోయి భయం వచ్చింది. అది చూడ్డం కోపం కంటే కష్టంగా ఉంది.

"పొద్దున నేను ఆ చెట్టు కింద నుంచే వచ్చా. పైకి చూడలేదు గానీ, నిన్న సాయంత్రం దాకా ఒక్క మచ్చ లేదు. నువ్వు తీశావు, మచ్చలొచ్చాయి. ఇంకేం చెప్పను?" గొంతు పెంచలేదు. "నతానియేలూ. చిక్కం కర్రలు తీసుకురా. గట్టు చెట్టు ఇప్పుడే దించెయ్. జ్యూస్ ఫ్యాక్టరీ వాళ్ళ ట్రేల్లో వెయ్. మంచి కాయలో కలవనీకు."

"మొత్తం ఇప్పుడేనా అండీ?" అన్నాను.

"రోగమని నువ్వే కదా చెప్పావు."

నేనే చెప్పాను. పొడుగాటి కర్రకి వల సంచి కట్టిన చిక్కాలు భుజాన వేసుకుని నతానియేలూ, ఇంకొకతనూ గట్టు వైపు నడిచారు. వెనక ఆయన, ఆయన వెనక నేను. నా నోటితోనే నా తల్లి చెట్టుని ఖాళీ చేయిస్తున్నానని నడుస్తుంటే తెలుస్తోంది.

నతానియేలు మొదటి కాయ దించి ఆయన చేతిలో పెట్టాడు. సరిగ్గా అప్పుడే గట్టు అవతల పాలక్యాను చేత్తో అమ్మ కనిపించింది. మమ్మల్ని చూసి క్యాను అక్కడే దించేసి వచ్చింది.

"ఏంటండీ ఇది? రేపు కదా అన్నారు?"

"మీ అమ్మాయి కబురు తెచ్చిందమ్మా. మచ్చ తెగులంట."

"మచ్చేంటి?"

"ఇదిగో." కాయ చూపించారు.

అమ్మ ఆ మచ్చకేసి చూసింది. తరవాత నాకేసి చూసింది. ఆ చూపు నేను మర్చిపోలేను. ఇంత చదివించింది ఇందుకా అన్నట్టుంది.

"అది తెగులు కాదండీ," అంది మెల్లిగా. "కాటుక. పొద్దున నేను పెట్టాను."

కోటేశ్వరరావు గారు బొటనవేలితో మచ్చని రుద్దారు. వేలు నల్లబడింది. వాసన చూశారు. ఆముదం దీపం మీద పట్టిన కాటుక వాసన నాకూ అందింది. నతానియేలు మొహం పక్కకి తిప్పుకున్నాడు, నవ్వాపుకోవడానికి అనుకుంటాను.

"కాయకి కాటుకేంటమ్మా?"

"చంటిపిల్లకి బుగ్గన పెడతాం కదండీ. అలాగే. మా అమ్మాయి దీన్ని ఫోటో తీస్తుంది కదా, దిష్టి తగులుద్దేమోనని చేతికందినవాటికి చుక్క పెట్టాను."

తెగులు లేదు. కానీ కోటేశ్వరరావు గారు నవ్వలేదు. కాయని ట్రేలో పెట్టి, చెయ్యి జేబురుమాలుతో తుడుచుకున్నారు.

"అంటే ఫోటో తీస్తే దిష్టి తగులుతుందని మీకూ తెలుసు."

అమ్మ ట్రేలోని కాయకేసి చూసింది.

"నమ్మకం లేనోళ్ళు తీస్తే పోనీలే, తెలీదు అనుకుంటా. మీకు నమ్మకం ఉంది. నా కాయకి చెడు జరుగుతుందని మీకు అనిపించింది. అయినా తీయించారు. మీ చెట్టుకైతే చుక్క పెట్టుకున్నారు. మిగతా తోటకి పెట్టారా?"

నేను దిష్టిని నమ్మను. నమ్మనని ఆయనకి చెప్పినా లాభం లేదు, ఎందుకంటే ఆయన అడుగుతున్నది నన్ను కాదు. అమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ నిలబడింది. ఆవిడని ఎవరైనా దొంగ అన్నట్టు మాట్లాడ్డం నేను చూడ్డం అదే మొదటిసారి.

కాంపాక్ట్ ఆయన చేతిలోంచి తీసుకున్నాను. ఆయన చూస్తుండగానే ఒక్కో ఫోటో చెరిపేశాను. చిన్న తెర, చిన్న బటన్లు. చెరపాలా అని ప్రతిసారీ అడిగింది, ప్రతిసారీ అవునన్నాను. అయ్యాక ఖాళీ తెర ఆయనకి చూపించాను.

"ఇంక దొంగచాటుగా తియ్యనండీ. ఇంట్లో పెద్ద కెమెరా ఉంది. మీ ఎదురుగానే, మీరు సరేనంటేనే తీస్తాను."

"ఇంత చిన్నదానితోనే ఇంత గొడవ. ఏనుగంత కన్నున్న దానితో ఏం చేస్తావో."

"దానికైతే ఆకు నీడలో కూడా కాయ సరిగ్గా కనపడుతుందండీ. రకం నమోదుకి అదే కావాలి. మా అమ్మ పేరు మీద."

"ఎవరి కాయ అనుకుని అడుగుతున్నావు?"

"కాయ మీదేనండీ. చెట్టు మా అమ్మది."

ఆయన ఆకాశంకేసి చూశారు. పడమట మబ్బు కమ్ముకొస్తోంది. నతానియేలు చిక్కం కొమ్మల్లో ఆనించి, దించమంటారా వద్దా అన్నట్టు చూస్తున్నాడు.

"కోశాక తీసుకో," అన్నారు చివరికి. "ట్రేలో పెట్టి ఎన్నయినా తీసుకో. దించిన కాయకి దిష్టి లేదు."

"కొమ్మ మీద ఉండాలండీ. ఆఫీసులో అదే అడుగుతారు."

"అయితే కుదరదు."

అప్పుడు అమ్మ మాట్లాడింది. ఆయన మొహంలోకి కాదు, చెట్టుకేసి చూస్తూ.

"దిష్టి నిండుగా ఉన్నదానికి తగుల్తుంది కోటేశ్వరరావు గారూ. బోసిపోయినదాన్ని చూసి ఎవరికి కన్ను కుడుతుంది? రేపు పొద్దున తోటంతా దించుకోండి. నా చెట్టు కూడా దించుకోండి. చివరికి పైన ఒక్క గుత్తి ఆపండి. చెట్టు ఖాళీగా ఉన్నప్పుడు తీసుకుంటుంది. ఆపైన అదీ మీదే."

ఆయన చెట్టుకేసి చూశారు. లెక్క సరిపోయిందో లేదో చూసుకుంటున్నట్టు తల కొంచెం వంచి నిలబడ్డారు. అమ్మ చెప్పిన దాంట్లో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదనుకుంటాను.

"గాలి మొదలైతే ఆపను. ముందే చెప్తున్నా."

"ఆపొద్దు."

"మచ్చ పెట్టినవి కాకుండా చూసుకోండి," అని వెళ్ళిపోయారు. ఆయన మాటలో చిన్న వెటకారం వినిపించి, అమ్మ ఆ సాయంత్రం మొదటిసారి కొంచెం తేరుకుంది.

కాటుక తుడిచినచోట కాయ మీది తెల్లటి పూత పోయి మెరుస్తుంది. కాబట్టి కింది కొమ్మలు పనికిరావు. అమ్మ చెయ్యి అందని గుత్తి ఒకటి, తూర్పు కొమ్మ చివర, చెట్టు పైభాగంలో ఉంది. మూడు కాయలు. అదే ఆపమని నతానియేలుకి చూపించాం.

తెల్లవారేసరికి మబ్బు తోట మీదికి వంగి ఉంది. ఆకు కదలడం లేదు. ఆ నిశ్శబ్దం నాకు నచ్చలేదు. గాలివానకి ముందు మా వైపు అలాగే ఉంటుంది. కోత మనుషులు మాట్లాడకుండా పనిచేస్తున్నారు. కాయ తొడిమతో సహా దించి, సొన కారేలా తల్లకిందులుగా ఆనించి, ట్రేల్లో సర్దుతున్నారు. కోటేశ్వరరావు గారు చెట్టు నుంచి చెట్టుకి తిరుగుతూ ఆకాశం చూస్తున్నారు. నేను డీఎస్ఎల్ఆర్ మెడలో వేసుకుని, ఎవరికీ అడ్డం రాకుండా గట్టు మీద నిలబడ్డాను. అందరికీ కనపడుతున్నాను. ఆ బరువు మెడ మీద బాగానే ఉంది.

కాంపాక్ట్ కూడా చున్నీలో ఉంది. ఎందుకు తెచ్చానంటే నిజం చెప్పాలి, భయంతో తెచ్చాను. కిషోర్ బాబు గారు ముందే చెప్పారు. "పాతది అమ్మా. లెన్సు తనంతట తను సరిచేసుకోలేదు, గురగురమంటూ ముందుకీ వెనక్కీ పోతుంటది. నువ్వు చేత్తోనే తిప్పుకోవాలి. రెండు చేతులూ కావాలి. తొందరపడ్డావా, ఏదీ రాదు."

మా చెట్టు దగ్గరికి వచ్చేసరికి మొదటి గాలి తిరిగింది. నేల మీద ఎండుటాకులు ఒక్కసారి లేచి మళ్ళీ పడ్డాయి. నతానియేలు చకచకా కొమ్మలు ఖాళీ చేశాడు. చివరికి ఎండిన సగం, బోసిగా మిగిలిన సగం, పైన తూర్పు కొమ్మకి మూడు కాయలు.

"ఎక్కు," అన్నారు కోటేశ్వరరావు గారు. "త్వరగా."

నిచ్చెన వేశారు. నతానియేలు చెట్టు మీదే, గుత్తికి చెయ్యందేలా కొమ్మ మీద ముందుకి జరిగి స్కేలు అందుకున్నాడు.

"నా చెయ్యి పడుద్దా అమ్మాయిగారూ?"

"వేళ్ళు పడతాయి. పరవాలేదు. కాయని మాత్రం ముట్టుకోవద్దు."

"ముట్టుకోనులెండి. కాటుక కూడా లేదు నా దగ్గర."

నిచ్చెన పై మెట్టు దాకా వెళ్ళాను. ఎడం చేత్తో కొమ్మ పట్టుకున్నాను. గుత్తి నా కళ్ళెదురుగా ఉంది. గాలి వచ్చింది. మూడు కాయలూ ఒకదానికొకటి తగులుకుంటూ అటూ ఇటూ ఊగాయి. కొమ్మ నన్నూ ఊపింది. ఒక చేత్తో కెమెరా కంటికి ఆనించి నొక్కితే లెన్సు గురగురమని తిరిగి ఆగిపోయింది. చూస్తే మసక. మళ్ళీ నొక్కాను. మసక.

"అయిందా?" కింద నుంచి ఆయన.

"లేదండీ."

మళ్ళీ గాలి. ఈసారి గుత్తిలో చివరి కాయ ఊడి కింద పడింది. పడిన చప్పుడు అందరికీ వినపడింది. అమ్మ "అయ్యో" అనడం కూడా వినపడింది.

"చాలు, దిగు," అన్నారు ఆయన. "ఉన్న రెండూ పోతాయి. నతానియేలూ, దించెయ్."

"ఒక్క నిమిషమండీ."

చున్నీలో కాంపాక్ట్ నా నడుముకి తగులుతోంది. ఒక చేత్తో తీసి నొక్కొచ్చు. వెంటనే ఏదో ఒకటి పడుతుంది. ఊగుతున్న రెండు కాయలు, బూజులా అలుక్కుపోయి. అది అధికారికి పంపితే ఆయన ఏమంటారో నాకు తెలుసు. డీఎస్ఎల్ఆర్‌తో తియ్యాలంటే కొమ్మ వదలాలి. వదిలితే పట్టుకోవడానికి ఇంకేమీ లేదు.

"అమ్మా, నిచ్చెనెక్కు. నన్ను పట్టుకో."

అమ్మ ఎప్పుడూ నిచ్చెనెక్కదు. ఎత్తు చూస్తే కళ్ళు తిరుగుతాయి ఆవిడకి. కొంగు నడుముకి దోపుకుని ఒక్కో మెట్టూ ఎక్కొచ్చి, రెండు చేతులూ నా మోకాళ్ళ చుట్టూ వేసి, మొహం నా పిక్కలకి ఆనించింది. నిచ్చెన కదిలింది. కింద చూస్తే కోటేశ్వరరావు గారు మడత నలగని చొక్కాతో దాని కాళ్ళ మీద తన కాలు పెట్టి, రెండు చేతులతో పట్టుకుని ఉన్నారు.

"తియ్యి," అన్నారు.

కొమ్మ వదిలేశాను. రెండు చేతులూ కెమెరా మీదికి వచ్చాయి. లెన్సు చేత్తో తిప్పుతుంటే కాయ మసకలోంచి మెల్లగా వచ్చింది. ముక్కు వంపు, భుజం, తెల్లటి పూత, దాని మీద సన్నటి చుక్కలు. ఊగుతూ పక్కకి పోయింది. తిరిగి వచ్చింది. గాలి ఆగదు. వచ్చిన ఊపు అటు చివర ఒక్క క్షణం నిలబడుతుందని రెండుసార్లు చూశాక అర్థమైంది. మూడోసారి అక్కడ కాచుకుని నొక్కాను. లోపల అద్దం టపామని లేచి పడింది. మళ్ళీ అక్కడే. మళ్ళీ.

తెరలో పెద్దది చేసి చూశాను. స్కేలు మీద గీతలు లెక్కపెట్టుకోవచ్చు. తొడిమ మీద ఒక ఎర్రచీమ ఉంది, దాని కాళ్ళు కూడా తెలుస్తున్నాయి. నతానియేలు రెండు వేళ్ళూ, గోళ్ళలో మట్టీ. కాయ ఎలా ఉందో అలాగే ఉంది.

"అయిందండీ," అన్నాను. "దించుకోండి."

నేను దిగకముందే చిక్కం పైకి వచ్చింది. రెండు కాయలూ వలలోకి జారాయి. నతానియేలు చెట్టు దిగి వాటిని ట్రేలో మిగతావాటి పక్కన పెట్టాడు. వెంటనే అవి ఏవో గుర్తుపట్టలేనట్టు కలిసిపోయాయి. కింద పడ్డ మూడో కాయని కోటేశ్వరరావు గారు తిప్పి చూసి, పగిలిందని తెలిసి గట్టు మీద పెట్టారు. అమ్మ దాన్ని ముట్టుకోలేదు.

లారీకి తార్పాలిన్ కట్టేసరికి చినుకులు మొదలయ్యాయి. ఆయన ముందు సీట్లో ఎక్కుతూ నాన్నతో రెండు మాటలు మాట్లాడారు. నా వైపు చూసి తలాడించారు. లారీ ఆగిరిపల్లి రోడ్డు ఎక్కేదాకా మేము వానలోనే నిలబడ్డాం.

ఇంటికొచ్చాక తల తుడుచుకుని కెమెరా అమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. తెర వెలిగించి ముందు పెట్టాను. ఆవిడ పొయ్యి దగ్గర్నుంచి తల తిప్పలేదు.

"చూడమ్మా. బాగా వచ్చింది."

"తర్వాత చూస్తాలే."

"దీనికోసమేగా ఇంత చేశాం."

"ఆయన లోడు మార్కెట్‌కి చేరనీ. చేరిందని ఫోన్ వచ్చాక చూస్తాను. అప్పటిదాకా నా కన్ను వద్దు దాని మీద."

తడిసిన చొక్కా దండెం మీద వేస్తున్న నాన్న నాకేసి చూశాడు. ఏమీ అనొద్దు అన్నట్టు చెయ్యి ఊపాడు. నేను కెమెరా కట్టేశాను. బయట గాలి అసలైన జోరు అందుకుంది. ఖాళీ తోటలో కొమ్మలు ఊగుతున్న చప్పుడు ఇంట్లోకి వస్తోంది. నాన్న తన ఫోన్ తెచ్చి, ముగ్గురికీ కనపడేలా పీట మీద పెట్టాడు.